గోడ అవతలి మెట్లు

దెయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. ఎవరైనా చెప్తుంటే నవ్వేవాణ్ణి. ఈ సంగతి తలుచుకున్నా నాకు భయం వేయదు, సిగ్గేస్తుంది.

కంప్యూటర్లలో వైటూకే పనుల మీద ఒంగోలు నుంచి సిడ్నీ వెళ్ళిన రోజులవి. ఆఫీసుకి దగ్గరని పాత పేటలో ఇల్లు అద్దెకి తీసుకున్నాం. ఇంగ్లండ్‌లో పనివాళ్ళ కోసం కట్టినట్టే, ఒకే కప్పు కింద వరసగా అతికించి కట్టిన ఇరుకు ఇటుక ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక్కటే గోడ. పక్కింట్లో దగ్గినా వినపడుతుంది. మాది వరసలో చివరిది.

మా పాప అప్పటికి నెలల పిల్ల. మధ్యాహ్నం దానికి కన్నంటుకునే వేళకి, గోడ అవతల ఎవరో బూట్లతో చెక్కమెట్లు ఎక్కుతున్నట్టు దబదబా చప్పుడు. ఉలిక్కిపడి లేచి గుక్కపట్టేది. పక్కింటివాళ్ళకి చెప్పమని మా ఆవిడ లక్ష్మి రోజూ పోరేది. ఒక శనివారం నేనే విన్నాను. విసురుగా వెళ్ళాను.

పక్కింటి పెద్దావిడ పెరట్లో బార్బెక్యూ పెట్టి నలుగురిని పిలుచుకుంది. వాళ్ళందరి ముందే, పసిపిల్ల ఉన్న ఇంటి పక్కన మెట్లెక్కే పద్ధతి ఇదేనా అని గొంతు పెంచాను. ఆవిడ కోప్పడలేదు. చప్పుడు ఏ గోడ నుంచి అని అడిగింది. ఉయ్యాల ఉన్న గోడ అన్నాను. అంటుండగానే, ఆ గోడ ఆవిడ ఇంటివైపుది కాదని తట్టింది.

ఆవిడ పటకారు పక్కన పెట్టి, నన్ను మా ఇంటి అవతలి పక్కకి తీసుకెళ్ళింది. అక్కడున్నది ఖాళీ జాగా. నేను రోజూ కారు పెట్టే చోటే, ఆ గోడని మాత్రం ఏనాడూ పట్టించుకోలేదు.

"ఇక్కడ ఇంకో ఇల్లుండేది. నా చిన్నప్పుడే పడగొట్టారు" అంది.

మా గోడకి బయటివైపు ఇటుకలతో మూసేసిన చలిమంట పొయ్యిగూడు. దాని పక్కనే ఏటవాలుగా, పాత సున్నం మీద మెట్ల ఆనవాలు. ఒక్కో మెట్టూ గీసినట్టు తెలుస్తోంది. మెట్లు మాత్రం లేవు.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నా భుజం తట్టి, వచ్చి ఇంత తినివెళ్ళమంది. వెళ్ళలేకపోయాను.

లక్ష్మికి నిజం చెప్పలేదు. పసిబిడ్డతో పగలంతా ఒక్కతే ఉండాలి. చెప్పొచ్చాను, ఇకమీదట మెల్లిగా నడుస్తామన్నారు అనేశాను.

సోమవారం నేను ఇంటికొచ్చేసరికి తను నవ్వుతూ ఎదురొచ్చింది.

"మంచివాళ్ళేనండీ. ఇవాళ బూట్లు విప్పి ఎక్కారు."

తర్వాతి శనివారం ఉయ్యాల పక్కన కూచుని నేనూ విన్నాను. వట్టికాళ్ళతో, మెట్టుమెట్టుకీ ఆగుతూ, ఎవరో మెల్లిగా పైకి వెళ్ళారు. పాప కదల్లేదు.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అంతే. ఆ ఎక్కేది ఎవరో, నా మాట వాళ్ళకెలా చేరిందో ఇప్పటికీ చెప్పలేను. పాపని జోకొడుతున్నప్పుడు ఆ గోడ వైపు చూడడానికి మాత్రం నాకు మొహం చెల్లేది కాదు.