ఫెర్మీనా పెట్టిన ఆఖరి రొట్టె

బందిపోటు ఒలెగారియో సమాధి ముందు హారన్ కొట్టకుండా పోయిన లారీ తర్వాతి మలుపు దాటదని కొర్రియెంతెస్ రాష్ట్రంలో డ్రైవర్ల నమ్మకం. బ్రేకులు చూసుకోవడం కంటే హారన్ కొట్టడం తేలిక. సమాధి చుట్టూ మొక్కుకున్నవాళ్లు పాతిన ఎర్రజెండాల పక్కనే ఎర్మెలిందా పాతికేళ్లుగా చిపా అమ్ముతోంది. కర్రపెండలం పిండిలో చీజ్ కలిపి మట్టిపొయ్యిలో కాల్చిన రొట్టెలు. పోలీసులు కాల్చి చంపిన రోజున ఒలెగారియోకి ఆఖరి చిపా పెట్టిన ఫెర్మీనా ఆమెకి ముత్తవ్వ. ఎర్మెలిందాకి ఉన్న ఆస్తల్లా ఆ ఒక్క మాటే.

ఏప్రిల్‌లో ఫుట్‌బాల్ క్లబ్బు గోడ మీద ఒలెగారియో సినిమా వేశారు. అందులో ఫెర్మీనా చిపాలో మత్తుమందు కలిపి అతన్ని పోలీసులకి పట్టించింది.

ఆట అయ్యాక ఊరు రెండుగా చీలింది, గుర్రం రంగు గురించి.

"నల్లగుర్రమయ్యా అది! తెల్లదాన్ని వేసుకుని దొంగతనానికెవడు పోతాడు?" అన్నాడు లారీ డ్రైవర్ నికానోర్. "పైగా ఆ హీరో యాస విన్నారా? బ్యూనస్ ఎయిర్స్ పళ్ల డాక్టరులా ఉన్నాడు."

"దోచింది పేదలకి పంచాడనడానికి ఒక్క కాగితం ముక్క లేదు. సినిమాలో అది చూపించకపోవడం నాకు నచ్చింది," అంది టీచర్ గ్రీసెల్దా.

"మరి మా ముత్తవ్వ సంగతి?" అనడిగింది ఎర్మెలిందా.

"ఆ సీనే బాగుందక్కా. ఏడుపొచ్చేసిందనుకో," అన్నాడు నికానోర్.

మర్నాడు లారీ ఆపి, "ముందు నువ్వు కొరుకక్కా, చూద్దాం," అని నవ్వాడు. బేరం పోతుందని ఎర్మెలిందా కొరికి ఇచ్చింది. వెనకాల వచ్చినవాళ్లూ అదే అడిగారు. ఒకావిడ కొరికిన ముక్కని సమాధి దగ్గర పెడితే కొడుకు డ్రైవింగ్ పరీక్ష పాసయ్యాడు. రోజూ రెండు బుట్టలు ఖాళీ అవడం మొదలైంది. కొరికి ఇవ్వడం ఫెర్మీనా కాలం నుంచీ ఉన్న ఆచారమేనని రెండు వారాల్లో పెద్దవాళ్లకి గుర్తొచ్చింది.

కొరికినప్పుడల్లా ఎర్మెలిందాకి ముత్తవ్వ తరఫున నేరం ఒప్పుకుని వేలిముద్ర వేస్తున్నట్టుండేది.

ఆగస్టులో, ఒలెగారియో వర్ధంతికి, ఆ సినిమా తీసిన దెమార్కీ వచ్చాడు. జనం దారిచ్చారు.

"నాకూ ఒకటివ్వమ్మా, కొరికి. ఆచారమట కదా."

ఎర్మెలిందా కొరకని చిపా అతని చేతిలో పెట్టింది. "మత్తుమందు సంగతి మీకెవరు చెప్పారు బాబూ?"

"ఎవరూ చెప్పలేదమ్మా. కథకి కావాల్సొచ్చి నేనే పెట్టాను."

"అయితే తినండి."

దెమార్కీ చిపా వంక చూశాడు. ఆమె వంక చూశాడు. చిపా నోటిదాకా వెళ్లి ఆగింది.

"ఓరి నాయనో! తను రాసింది తనే నమ్మేశాడ్రా!" అన్నాడు నికానోర్. సమాధి చుట్టూ ఉన్నవాళ్లంతా ఘొల్లున నవ్వారు. దెమార్కీ చెవులు ఎర్రబడేదాకా నమిలి, బాగుందన్నాడు.

తర్వాత నికానోర్ చెయ్యి చాపి, అలవాటు కొద్దీ ఆగాడు.

"నే కొరకను," అంది ఎర్మెలిందా.

"సర్లే, ఇవ్వు."

తింటూనే లారీ ఎక్కి, ఒలెగారియోకి ఒక హారన్ కొట్టాడు. కొంచెం ఆగి ఇంకోటి కొట్టాడు. అదెవరికని ఎవరూ అడగలేదు. సాయంత్రానికి ప్రతి లారీ రెండేసి కొడుతోంది.

అది ఫెర్మీనా కాలం నుంచీ ఉన్న ఆచారమేనని నాలుగో రోజుకి పెద్దవాళ్లకి గుర్తొచ్చింది.