పిన్ని డ్రోన్‌కు బాబాయి నోరే బ్రేకు

మా పిన్ని డ్రోన్ పైకి లేపితే గద్దలు పక్కకు తప్పుకుని దారి ఇస్తాయి. నవ్వకండి, కళ్లారా చూశాను. ఒక గద్దయితే తల కూడా వంచింది.

పిన్ని పని డ్రోన్‌తో వీడియోలు తీయడం. లైసెన్సు ఉంది, డ్రోన్ ఒంటి మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉంది. ఇవి చాలవన్నట్టు బాబాయి ఉన్నాడు. డ్రోన్‌ని కంటికి కనబడనంత దూరం పంపకూడదన్నది నిబంధన. పిన్ని రిమోటు తెర చూస్తూ నడుపుతుంది కాబట్టి, మెడ పైకెత్తి ఆకాశం చూడటం బాబాయి ఉద్యోగం. ఒకసారి అపార్ట్‌మెంట్ల వీడియో తీస్తుంటే, ఆయన డ్రోన్ అనుకుని గద్ద వెనకే వీధి చివరిదాకా నడిచిపోయాడు. పిన్ని ఫోన్ చేసి “డ్రోన్ ఏదీ?” అంటే, “చెట్టు మీద వాలిందే, రెక్కలు దులుపుకుంటోంది” అన్నాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త చట్టం. డ్రోన్ గాల్లో ఉన్నంతసేపూ బాబాయి “ఉంది... ఉంది...” అంటూనే ఉండాలి. ఆ మాట ఆగితే పిన్ని మరో ఆలోచన లేకుండా దించేస్తుంది. ఆయన తుమ్మినందుకూ దించిన రోజుంది.

మొన్న ఒక పెద్ద మైదానంలో పరుగు పందెం. ఈ వీడియో నచ్చితే ఏడాది పొడవునా అక్కడి ఆటలన్నీ తీసే పని పిన్నిదే అన్నారు. ఆ పని దొరికితే ఒక గది తీసుకుని సొంత బోర్డు పెట్టాలని ఆమె ఆశ. జనం లేని అంచు మీదుగా ఎగరేస్తుంటే నిర్వాహకుడు పరుగెత్తుకొచ్చాడు. ఆయన కంటే ముందు ఆయన బొజ్జ వచ్చింది.

“ఏమ్మా, ఆ ఖాళీ గడ్డి ఎవరిక్కావాలి? జనం నెత్తిమీదకి పోనీ, బాగా కిందకి!”

“జనం మీద ఎగరెయ్యకూడదండీ. పడిందంటే బుర్ర పగుల్తుంది.”

“నిరుడు వచ్చినతను ఎగరేశాడుగా!”

“అయితే అతన్నే పిలుచుకోండి.”

పక్కన బాబాయి “ఉంది... ఉంది...” అంటూనే ఉన్నాడు.

“మధ్యలో నీ గోలేంటయ్యా? నోరు ముయ్యి!” అని నిర్వాహకుడు గద్దించాడు.

బాబాయి మర్యాదస్తుడు. మూశాడు.

పిన్ని డ్రోన్ దించేసింది. సరిగ్గా అప్పుడే ఈల మోగింది. పందెం మొదలైంది, పైనుంచి తీసే దిక్కు లేదు.

“రిమోటు ఇటు తే! మా బామ్మర్ది ఎగరేస్తాడు. నువ్వు మళ్లీ ఈ గేటు దాటి లోపలికి రావు, చెప్తున్నా!”

పిన్ని రిమోటు రెండు చేతులతో, ఎంతో వినయంగా అందించింది. తర్వాత కింద కూర్చుని డ్రోన్ రెక్కలన్నీ ఒక్కొక్కటే విప్పి, చేతిసంచిలో వేసుకుని జిప్పు లాగింది. బామ్మర్ది మీటలు ఎంత నొక్కినా డ్రోన్ వెల్లకిలా పడ్డ పురుగులా గీపెట్టిందే గానీ లేవలేదు.

“కానివ్వండి బాబూ, మీ బావగారి నెత్తిమీదే మొదలెట్టండి” అంది పిన్ని.

అంతే, మైదానమంతా లేచి నిలబడింది. పరుగెత్తేవాళ్లు పందెం ఆపేసి పిన్నిని భుజాల మీద ఊరేగించారు. నిర్వాహకుడు వలవలా ఏడ్చి, ఏడాది పని ఆమె చేతిలో పెట్టాడు. ఇదంతా నేను ఇంటికి వచ్చినవాళ్లకు చెబుతుంటే, బ్యాటరీలు చార్జింగుకు పెడుతున్న పిన్ని తల తిప్పకుండానే అంది:

“ఎవరూ మొయ్యలేదు. ఆ పని పోయింది. రేపు పిలిచి అడిగినా జనం మీద ఎగరెయ్యను.”