వ్యతిరేకం ఎంతమంది?

లెక్క తప్పిందంటే వీరరాఘవయ్యకు ఒళ్ళు మంట. సూరత్ రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్పై రెండేళ్ళు చీరల మూటలు లెక్కపెట్టి రిటైరైన మనిషి. కంచంలో పూరీలు కూడా లెక్కపెట్టుకుని తింటాడని భార్య రాధ నలుగురిలో చెబుతుంది. అందులో ఎగతాళి ఎంతో, గర్వం ఎంతో ఆమెకే తెలియాలి.

సూరత్ శివారు భేస్తాన్‌లో వాళ్ళుండే సొసైటీ రెండు వందల గడప. దాదాపు అందరూ తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చినవాళ్ళు. మూడేళ్ళకోసారి సొసైటీ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటారు. ఎన్నికల అధికారి ఎప్పుడూ వీరరాఘవయ్యే. చదువు రానివాళ్ళు ఎక్కువ కాబట్టి ఆయనే ఒక పద్ధతి పెట్టాడు. పోటీ చేసే ఒక్కొక్కరికి ఒక్కో రంగు నూలు చుట్టిన కండె. ఓటు వేయడానికి వచ్చినవాళ్ళ చేతిలో అన్ని రంగుల కండెలూ తలా ఒకటి పెడతారు. చీర అడ్డం కట్టిన మూలకు పోయి, నచ్చిన రంగు కండెను తాళమేసిన డబ్బాలో, మిగతావాటిని గోనెసంచిలో వేసి రావాలి. తర్వాత డబ్బా కుమ్మరించి, అందరి ముందూ మూడుసార్లు లెక్క. 2017లో సొంత బామ్మర్దే మూడు కండెల తేడాతో ఓడిపోయాడు. “ఇంకొక్కసారి లెక్కవెట్టు బావా” అని బతిమాలాడు. “మూడుమాట్ల గదే వచ్చింది, నాలుగోమాటు మారుతదా?” అన్నాడు వీరరాఘవయ్య. ఆ బామ్మర్ది ఆర్నెల్లు వాళ్ళ గడప తొక్కలేదు.

మళ్ళీ ఎన్నిక 2020 ఏప్రిల్‌లో రావాలి. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. అప్పటి అధ్యక్షుడు గంగారాం, మగ్గాల షెడ్లకు కూలీలను పంపే కాంట్రాక్టరు. గేటుకు వెదురు బొంగులు కట్టించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

“గీ ఆపతిల ఎలక్షనేంది కాకా? జర ఆగుదాం” అన్నాడు.

అందులో తప్పేముంది? అందరికంటే ముందు తల ఊపింది వీరరాఘవయ్యే.

అబద్ధమెందుకు, గంగారాం ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. గోధుమపిండి, బియ్యం, ఉల్లిగడ్డలు టెంపోలో తెప్పించి ఇంటింటికీ పంచాడు. మగ్గాలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక గేటు తెరుచుకుంది. తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉండిపోయింది. పుకార్లు పుడుతున్నాయని సొసైటీ వాట్సాప్ గ్రూపులో తానొక్కడే రాసేట్టు మార్చాడు. గ్రూపు ఎంతో ప్రశాంతంగా ఉందని జనం మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు గ్రూపులో పెట్టడానికి వీల్లేక, ఎదురైనప్పుడు చెప్పారు.

మగ్గం మేస్త్రీ సోమలింగం ఒక్కడు, “మరి ఎలక్షన్ ఎప్పుడు?” అని అడిగాడు. మర్నాటి నుంచి ఆయన నల్లా ఎండిపోయింది. పైపు పాతదయిందన్నారు. ఆ వరసలో పన్నెండిళ్ళకు ఒకేసారి వేసిన పైపు, సోమలింగం ఇంటి దగ్గరికొచ్చేసరికే పాతబడింది. రాధ ఇంటినుంచి సోమలింగం భార్య బిందెలు మోసుకుపోయేది.

2021 ఏప్రిల్‌లో రాధకు జ్వరం పట్టుకుంది. అయిదో రోజుకు ఆక్సిజన్ ఎనభై ఒకటికి దిగింది. ఏ ఆసుపత్రి ముందు చూసినా అంబులెన్సుల బారు. వీరరాఘవయ్యకు ఎవరికి ఫోన్ చేయాలో కూడా తోచలేదు. గంగారామే ఎవరెవరికి ఫోన్ చేశాడో, ఎవరి గడ్డం పట్టుకున్నాడో, రెండు గంటల్లో మంచం సంపాదించాడు. పదిహేడు రోజులకు రాధ తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇల్లు చేరింది. వీరరాఘవయ్య గంగారాం రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

“ఏడ్వకు కాకా. చిన్నమ్మ నాకు గానిదా?” అన్నాడు గంగారాం. ఆ మాటలో రవ్వంత కల్తీ లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

2022 మార్చిలో సర్వసభ్య సమావేశం పిలిచారు. తీర్మానం ఇదీ: ఎన్నికలు పెడితే జనం గుమిగూడతారు, గుమిగూడితే రోగం పాకుతుంది, కాబట్టి కరోనా పూర్తిగా పోయేదాకా గంగారామే అధ్యక్షుడు. పోయిందా లేదా అన్నది అధ్యక్షుడు తేలుస్తాడు. ఓటు చేతులెత్తి వేయాలి.

ముందురోజు వీరరాఘవయ్య ధైర్యం కూడగట్టుకుని గంగారాం ఇంటికి పోయాడు.

“కండెలతోటే వెడదాం గంగారాం. ఎప్పటి తీరుగ” అన్నాడు.

“చిన్నమ్మ పానం ఎట్లుంది కాకా?” అని అడిగాడు గంగారాం.

“మంచిగనే ఉంది” అని చెప్పి, వీరరాఘవయ్య చాయ్ తాగి వచ్చేశాడు.

ఆదివారం పొద్దున, జనం గుమిగూడకూడదన్న తీర్మానాన్ని ఆమోదించడానికి రెండు వందల పన్నెండు మంది ఒకే హాల్లో మోకాళ్ళు రాసుకుంటూ కూర్చున్నారు. అనుకూలమైనవాళ్ళు చెయ్యెత్తమనగానే హాలంతా చేతులే. ఎండలు ముదురుతున్నాయి, నల్లాలో నీళ్ళు కావాలి కాబట్టి సోమలింగం కూడా ఎత్తాడు. వీరరాఘవయ్య వరసవరసకూ తిరిగి లెక్కపెట్టాడు. రెండు వందల పదకొండు. మళ్ళీ లెక్కపెట్టాడు. అంతే వచ్చింది.

“వ్యతిరేకం ఎంతమంది కాకా?” అని గంగారాం మైకు ఆయన నోటికి అందించాడు.

ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఒక చెయ్యి లేచి ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా తనకు అన్నం వడ్డిస్తున్న చెయ్యి.

“ఎవ్వరు లేరు” అన్నాడు వీరరాఘవయ్య.

చప్పట్లు మోగాయి. ఏకగ్రీవమని రిజిస్టరులో రాసుకున్నారు. కుర్చీలు తీస్తున్నా రాధ చెయ్యి దించలేదు. మిఠాయి పంచుతున్న గంగారాం భార్య పద్మారాణి ఆమె అడుగుతోందనుకుని, ఆ చేతిలో లడ్డూ పెట్టి ముందుకు పోయింది.

ఇల్లు చేరాక వీరరాఘవయ్యే ముందు గొంతు లేపాడు.

“ఎందుకెత్తినవే చెయ్యి? ఆయన లేకుంటె నువ్వుంటివా?”

“ఉండకపోదును. కాదంటున్ననా? సచ్చేదాక ఆయనకు దండం వెడ్త. దండం వేరు, ఓటు వేరు.”

“ఒక్కదానివి ఎత్తితె ఏమైతది? నేను జెప్పినా జెప్పకున్నా గంగారామే గెలుస్తడు గద!”

“గెల్వనీ. ఆయన్ని ఓడగొట్టుమన్ననా నిన్ను? లెక్కవెట్టుమన్న.”

రాధ చేతిలోని లడ్డూ గూట్లో పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

“దవాఖానల తెల్లారంగనె ఒక నర్సు పిల్ల వస్తుండె. గుజరాతీ పిల్ల. మాస్కుల మొకం గూడ కనవడకపోతుండె. మంచం మంచానికి వేలు సూపిచ్చి లెక్కవెట్టేది. రాత్రి ఉన్నోళ్ళు పొద్దుగాలకు ఉండకపోతుండ్రి. నా మంచం కాడ వేలు సూపిచ్చినంకనే, అయితె నేనున్న అనుకునేదాన్ని. పదిహేడు దినాలల్ల ఆ పిల్ల ఒక్కనాడు నన్ను ఇడ్సిపెట్టలే. నువ్వు ఇడ్సిపెట్టినవ్.”

వీరరాఘవయ్యకు దుఃఖం ఆగలేదు. పెళ్ళాం ముందు ఏడవడం సిగ్గనిపించి కొళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాడు. వచ్చి, ఎన్నికల అధికారిగా తన దగ్గరే ఉన్న రిజిస్టరు తెరిచాడు. ‘ఏకగ్రీవం’ అన్న మాట కొట్టేశాడు. అనుకూలం రెండు వందల పదకొండు, వ్యతిరేకం ఒకటి అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. మధ్యాహ్నం ఎండలోనే పోయి దాన్ని గంగారాం చేతికిచ్చాడు. గంగారాం చదివి, చాయ్ తాగుతావా అని కూడా అడగకుండా, పక్కన పెట్టాడు.

సోమవారం పొద్దున గ్రూపులో మెసేజ్ వచ్చింది. తీర్మానం ఏకగ్రీవమేననీ, వయసు మీదపడి లెక్క తప్పుతున్నందున వీరరాఘవయ్య గారిని ఎన్నికల అధికారి బాధ్యత నుంచి గౌరవంగా తప్పిస్తున్నామనీ అందులో ఉంది. కింద రెండు దండాల బొమ్మలున్నాయి. వీరరాఘవయ్య దాన్ని రాధకు పైకి చదివి వినిపించాడు.

“తప్పిందా లెక్క?” అని అడిగింది రాధ.

“లే” అన్నాడు వీరరాఘవయ్య. “వ్యతిరేకం ఒకటి.”