కూతురు అనే మాటకు ముందు

మా అమ్మకు చదువు రాదు. కానీ కాగితంలో ఉన్నది ఒకటైతే ఆమెకు ఇంకొకటి చదివి వినిపించడం మాత్రం ఎవరి తరమూ కాదు. కాగితం వైపు చూసేది కాదు, చదివేవాళ్ళ మొహం చూసేది. గొంతు ఎక్కడ తగ్గితే అక్కడ ఆపేది. "ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదువు" అనేది. ఆమె పోయాక ఆ అలవాటు నాకొచ్చింది. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు పైకి చదువుకుంటాను. మా స్కూల్లో తోటి టీచర్లు నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం!

అమ్మ బందరులో చేపలమ్మేది. పొద్దున్నే రేవుకి వెళ్ళి, వేలంపాటలో సరుకు దక్కించుకుని, ఐసు వేయించుకుని, బస్సులో పామర్రు దాకానో ఉయ్యూరు దాకానో బుట్ట తీసుకెళ్ళి వీధివీధీ తిరిగేది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. ఆ బుట్టతోనే నన్ను తెలుగు టీచర్ని చేసింది. ఆ బుట్టతోనే రెండు గదుల డాబా కట్టింది. ఎండాకాలంలో డాబా మీద మెత్తళ్ళ చేపలు ఎండబోసి, ఒక పక్కన కర్ర పట్టుకుని నన్ను కూర్చోబెట్టేది. కాకుల్ని తోలుతూ ఎక్కాలు చదివేదాన్ని. ఆ వాసన ఇప్పుడు ఎక్కడ తగిలినా నాకు కళ్ళు చెమ్మగిల్లుతాయి. పక్కవాళ్ళు వాసన పడలేదేమో అనుకుంటారు.

నేను ఆమె కన్నబిడ్డను కాను. ఆ సంగతి మా పేటలో అందరికీ తెలుసు. నాకు మాత్రం బడిలో తెలిసింది. ఆటలో ఏదో పేచీ వచ్చి ఒక పిల్ల "పోవే, తెచ్చుకున్నదానా" అంది. ఇంటికొచ్చి ఆ మాటకు అర్థం అడిగాను. అమ్మ చేప కోస్తోంది. కత్తి కూడా కింద పెట్టకుండా లేచి, ఆ పిల్ల ఇంటికి నడిచింది. అక్కడ ఆమె ఎత్తిన గొంతు మా ఇంటిదాకా వినిపించింది. ఆ తర్వాత మా పేటలో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నన్ను కన్నదెవరు, ఏమైంది అని అడగాలని ఎన్నిసార్లో నాలుక చివరిదాకా వచ్చేది. అమ్మ మొహం చూసి మింగేసేదాన్ని.

నాకు బెజవాడలో ఉద్యోగమొచ్చి, అక్కడే ఒక గది తీసుకున్న రోజుల్లో అమ్మకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో పడింది. మా పెదనాన్న కొడుకులిద్దరూ పరామర్శకు వచ్చారు. ఆసుపత్రిలో కాసేపు కూర్చుని, అక్కడినుంచి నేరుగా మా ఇంటికెళ్ళి, డాబా ఎక్కి, మెట్లు ఇటునుంచి అటు మారిస్తే కిందొక కొట్టు వేసుకోవచ్చని మాట్లాడుకున్నారట. పక్కింటివాళ్ళు విని చెప్పారు. అమ్మ లేచి తిరగ్గానే నాకు ఫోన్ చేసింది.

"నేనింకా పోలేదు, వెధవలు మెట్లు మార్చేస్తున్నారు. అక్కడ మంచి నోటరీ ఎవరో కనుక్కో. వీలునామా రాయించేస్తా. ఇక్కడైతే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది" అంది.

గవర్నరుపేటలో కోర్టులకు దగ్గరగా, జెరాక్స్ షాపు పక్కన ఒక చిన్న గది ఆ నోటరీగారిది. పెద్దాయన. కుర్చీకి నల్లకోటు, బల్ల మీద రబ్బరు స్టాంపులు, సిరాప్యాడు. గది బయట అద్దె ఒప్పందాలవాళ్ళు, పేరులో అక్షరం తప్పుపడ్డవాళ్ళు, పాస్‌పోర్టుకు అఫిడవిట్టు కావలసినవాళ్ళు బెంచీ మీద ఒరుసుకుని కూర్చునేవాళ్ళు. నేను ముందే ఒకసారి వెళ్ళి వివరాలన్నీ చెప్పివచ్చాను. వీలునామాకు ఇద్దరు సాక్షులు ఉండాలనీ, ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్ళు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదనీ ఆయనే చెప్పారు.

సాక్షులుగా అమ్మ ఐసు మావయ్యనూ ఆయన భార్యనూ వెంటబెట్టుకొచ్చింది. మావయ్యది రేవు దగ్గర ఐసు దుకాణం. వాళ్ళు ముస్లిములు. ఆయన అమ్మను అక్కా అనేవాడు, నేను వాళ్ళను మావయ్యా అత్తయ్యా అనేదాన్ని. అమ్మ జీవితంలో బుట్ట లేకుండా బెజవాడ బస్సెక్కడం అదే మొదటిసారేమో. అయినా పక్కసీటావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుందట. "ఇవాళ చేపల్లేవులెండి, ఉత్త నేనే" అందట అమ్మ. అత్తయ్య ఆ మాట చెప్పి చెప్పి నవ్వింది.

నోటరీగారు ముందు అమ్మకు విషయం విడమరిచి చెప్పారు. "చూడండమ్మా, మీరేమీ రాయకుండా పోతే, ఈ అమ్మాయిని దత్తత తీసుకున్నట్టు కాగితం లేదు కాబట్టి, ఇల్లు మీవారి తరఫు వారసులకి వెళ్తుంది."

"ఆయన పోయాక నేను కట్టుకున్న ఇల్లండీ అది!"

"అయినా అంతేనమ్మా. చట్టం అలా ఉంది."

"ఎవరండీ ఆ చట్టం రాసింది? ఎప్పుడైనా చేపలమ్మారా?"

మావయ్య గడ్డం చాటున నవ్వుకున్నాడు. గుమాస్తా టైపు చేసిన కాగితాలు తెచ్చిచ్చాడు. అమ్మకు ఏ పనీ నిదానంగా చేయడం రాదు. చదవడం మొదలుకాకుండానే బొటనవేలు సిరాప్యాడు మీద రుద్దేసి, చీరకు అంటకుండా వేలు పైకెత్తి పట్టుకుని కూర్చుంది. నోటరీగారు చదువుతున్నారు. 'స్థిరమైన మనసుతో, ఎవరి బలవంతమూ లేకుండా' అన్నచోట "నన్ను బలవంతం చేసే మొనగాడు ఇంకా పుట్టలేదని రాయండి" అంది. ఆయన కూడా నవ్వారు. తర్వాత ఇంటి హద్దులు చదివారు. ఆ తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నా తదనంతరం సదరు ఆస్తి నా పెంపుడు కూతురికి..." అన్నారు.

"ఆగండి. ఏదీ, ఆ ముక్క మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ చదివారు.

"పెంపుడా? పెంపుడు ఏంటండీ, మేకపిల్లా? కుక్కపిల్లా?" అమ్మ లేచి నిలబడింది. బయట బెంచీ మీదవాళ్ళు లోపలికి తొంగిచూశారు. "అది నా కూతురు. ముందు ఏ మాటా వద్దు. ఉత్త కూతురని రాయండి. లేకపోతే నేను వేలు వేయను." ఆ సిరా వేలిని పైటచెంగుకు తుడిచేసింది. మంచి నేతచీర, ఈ పని కోసమే కట్టుకొచ్చిన చీర.

"పోనీ, పెంచిన కూతురు అందాం" అన్నారాయన.

"పెంచినా వద్దు, పెంపుడూ వద్దు."

అప్పుడాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అమ్మా, కోప్పడకండి, నా మాట వినండి. ఉత్త కూతురని రాస్తే రేపు వాళ్ళ లాయరు పట్టుకునేది ఆ ముక్కనే. ఈ అమ్మాయి కన్నబిడ్డ కాదని ఊరందరికీ తెలుసంటాడు. ఒక అబద్ధం దొరికితే మిగతాదంతా అబద్ధమే అని వాదిస్తాడు. ఏళ్ళ తరబడి ఈ పిల్ల కోర్టు చుట్టూ తిరగాలి. చివరికి ఇల్లు దక్కుతుందో లేదో నేను చెప్పలేను. మీకు మాట కావాలా, అమ్మాయికి ఇల్లు కావాలా?"

అమ్మ తన సిరా వేలి వైపు చూసుకుంది. నాకు ఆమె మీద జాలేసింది, ఆయన మీద కోపమొచ్చింది, అందరూ నా గురించే ఇలా మాట్లాడుకోవడం చూసి తల కొట్టేసినట్టయింది. ఎలాగోలా ఇది అయిపోతే చాలనిపించింది.

"రాయనీయమ్మా, నిజమేగా" అన్నాను.

అమ్మ నా వైపు తిరిగింది. "నీక్కూడా అదే నిజమా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. నేను తెలుగు చెప్పి బతుకుతున్నదాన్ని, బల్ల మీద రబ్బరు స్టాంపులు చూస్తూ కూర్చున్నాను.

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. మావయ్య బయటికెళ్ళి టీ పట్టుకొచ్చాడు. అమ్మ గ్లాసు అందుకుంది గానీ తాగలేదు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, "రాసుకోండి. పెడితే మొత్తం పెట్టండి" అంది. నోటరీగారు పెన్ను తీశారు.

"దీన్ని కన్నది వేరే మనిషి" అని ఒక పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా చెప్పింది. పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు వినడం నాకు అదే మొదలు. దాన్ని ఇక్కడ రాయను. అదొక్కటి నాకే ఉండనివ్వండి.

"నాతోపాటు రేవులో చేపలు ఎండబెట్టేది. మొగుడు వదిలేశాడు, నా అన్నవాళ్ళు లేరు. పురుడొచ్చిన నెల తిరక్కుండానే జ్వరంతో పోయింది. పోయేముందు 'అక్కా, నీదే భారం' అని దీన్ని నా ఒళ్ళో పెట్టింది. మనిషి గుండ్రంగా, చామనఛాయగా ఉండేది. నవ్వితే అచ్చం దీనికిలాగే ఒకపక్క బుగ్గ సొట్ట పడేది."

"బుగ్గ సంగతి దస్తావేజులో అక్కర్లేదమ్మా" అన్నారు నోటరీగారు మెల్లగా.

"మీకు అక్కర్లేదు బాబూ. దానికి కావాలి."

నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్తయ్య ఏడుస్తోంది. అమ్మ మాత్రం కళ్ళు తడవకుండా, పాటలో ధర చెప్పినట్టు గట్టిగా చెప్పుకుపోయింది. "కన్నది అది. పెంచింది నేను. ఇద్దరికీ కలిపి కూతురు ఇదొక్కతే. కన్నదో మాట, పెంచిందో మాట, కూతురో మాట. విడివిడిగా రాయండి. కూతురు అనే మాటకు ముందు మాత్రం ఏమీ తగిలించొద్దు."

నోటరీగారు పాత పేజీ చింపేసి, గుమాస్తాకు తానే చెప్పి కొత్తగా కొట్టించారు. ఈమెను ఫలానా ఆమె కన్నది. నెల నిండని పిల్లగా ఉన్నప్పటినుంచి నేను పెంచితిని. ఈమె నా కూతురు. మూడు చిన్న వాక్యాలు. ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు వాక్యాలు దిద్దుతున్నాను, ఆ మూడింటిలో ఒక్క అక్షరం మార్చబుద్ధి కాదు. ఆయన చదివి వినిపించారు. ఈసారి ఎక్కడా గొంతు తగ్గించలేదు. పొలుసు గీకి గీకి అమ్మ వేలిగీతలు అరిగిపోయాయి, ముద్ర అలికినట్టు పడింది. మావయ్య, అత్తయ్య సంతకాలు చేశారు. నోటరీగారు సంతకం పెట్టి సీలు వేశారు.

అమ్మ పోయాక పెదనాన్న కొడుకులు ఒక లాయరును వెంటబెట్టుకుని రానే వచ్చారు. ఆయన కాగితం నిలబడే చదివాడు, రెండోసారి కూర్చుని చదివాడు. "ఇందులో దాచిందేమీ లేదయ్యా, ఇక మనమేం పట్టుకుంటాం" అని వాళ్ళను తీసుకెళ్ళిపోయాడు. ఇల్లు నాదే. మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అది తర్వాతి సంగతి. ఆ రోజు పని అయ్యాక నేను వాళ్ళను బస్టాండులో దింపడానికి ఆటోలో వెళ్ళాను. దారి పొడుగునా అమ్మ ఆటోవాడితో కూడా పోట్లాడలేదు. ఆమె అంత మెదలకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు, భయమేసింది. బందరు బస్సు దగ్గర మావయ్యావాళ్ళు ఎక్కి కూర్చున్నారు. అమ్మ ఎక్కకుండా కిందే నిలబడింది. నా వైపు చూడకుండా, ఎదురుగా ఆగి ఉన్న బస్సుల వైపు చూస్తూ మాట్లాడింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటే... దాని పేరు తెలిస్తే ఎప్పుడో ఒకరోజు దాన్ని తలుచుకుని ఏడుస్తావని. ఏడిస్తే నేను ఓర్చుకోలేనని. అంతే, ఇంకేం లేదు." ఎగతాళి చేస్తున్నట్టు మూతి తిప్పింది. "ఇక తెలిసిపోయిందిగా. ఇప్పుడు నన్నేమని పిలుస్తావ్? పెంచినావిడా అంటావా?"

ఏం చెప్పాలి? ఇంతలో కండక్టరు రైట్ రైట్ అన్నాడు. బస్సు కదిలింది. ఈవిడ కదలదే!

"అమ్మా! బస్సు వెళ్ళిపోతోంది, ఎక్కమ్మా!" అని బస్టాండు అదిరేలా అరిచాను.

అమ్మ గబుక్కున కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగి చూసింది.

"అరవకే, వినపడిందిలే" అంది.