కండక్టర్ చెయ్యెత్తవచ్చా?

1997. భద్రాచలం నుంచి చర్ల వైపు అడవి దారిన వెళ్లే బస్సులో నేను కొత్తగా చేరిన కండక్టర్‌ని. ఆడపిల్ల భుజాన సంచి వేసుకుని టికెట్ కొడుతుంటే ఎక్కినవాళ్లంతా నా మొహం చూసేవారే తప్ప సీటు చూసుకునేవారు కాదు. ఎండాకాలంలో బస్సు నిండా ఇప్పపూల బుట్టలు. ఆ తియ్యటి వాసన ఎక్కడ తగిలినా నాకిప్పటికీ ప్రాణం లేచొస్తుంది.

అప్పటికి నేను ప్రొబేషన్‌లో ఉన్నాను, అంటే ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఒకరోజు బీడీల తునికాకు ఆరబెట్టే కల్లంలో మేస్త్రీ ఒకడు తాగి ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నాడు. లోపలికి రమ్మన్నందుకు నా మణికట్టు పట్టుకుని మెలితిప్పాడు. వదలమంటే నవ్వాడు. నా రెండో చేతిలో పంచ్ ఉంది, టికెట్‌కు చిల్లు పెట్టే ఇనుప పనిముట్టు. దాంతో వాడి వేళ్ల మీద ఒక్కటిచ్చాను. చెయ్యి వదిలేశాడు. నా కోపం మాత్రం చల్లారలేదు, మళ్లీ పంచ్ ఎత్తాను. ముందు సీట్లో కూర్చున్న ముత్తమ్మ, రోజూ మా బస్సెక్కే కోయ ముసలామె, నా మోచెయ్యి పట్టుకుంది.

“ఇడ్సిండు గద బిడ్డా. ఇగ చాలు.”

మర్నాడు వాడు చేతికి కట్టుతో డిపోకొచ్చి ఫిర్యాదు చేశాడు. ప్రయాణికుడి మీద చెయ్యి చేసుకుంటే ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకు ఉద్యోగం ఊడినట్టే. వాడే తలుపుకు కొట్టుకున్నాడని చెప్పమని డ్రైవర్ అన్న నచ్చజెప్పాడు. నాకు మనసొప్పలేదు. కొట్టానని చెప్పడానికే సిద్ధపడ్డాను. విచారణ రోజు ఆ అన్నే వెళ్లి ముత్తమ్మను వెంటబెట్టుకొచ్చాడు.

మేనేజర్ చెడ్డవాడు కాదు, రూలు మనిషి. కొట్టానని నేను ఒప్పుకోగానే, ఏం జరిగినా కండక్టర్ ఓర్చుకోవాలని, బస్సు ఆపించి పోలీసులకు చెప్పాల్సిందని నాకు క్లాసు పీకాడు. ముత్తమ్మ అంతా విని, లేచి వెళ్లి టేబుల్ మీదున్న ఆయన మణికట్టు ఒడిసిపట్టుకుంది. ఏళ్ల తరబడి కట్టెలు కొట్టిన చెయ్యి అది. ఆయన గుంజుకున్నాడు, రాలేదు. రెండో చేత్తో ఆమె వేళ్ల మీద చటుక్కున కొట్టాడు.

ఆమె వదిలేసింది. “నీ చెయ్యి గూడ లేసింది గద, సారూ.”

మేనేజర్ తన చేతివంక కాసేపు చూసుకుని, ముత్తమ్మకు కుర్చీ వేయించాడు. నా ఉద్యోగం నిలిచింది.

తర్వాత చాలా ఏళ్లు ఆ దారిలోనే తిరిగాను. ఒకటి రెండుసార్లు మళ్లీ చెయ్యెత్తాల్సి వచ్చింది కూడా. విడిపించుకోవడానికి లేచిన చేతికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. కానీ అవతలివాడు వదిలిన క్షణంలో ముత్తమ్మ వేళ్లు నా మోచేతికి తగిలినట్టుండేది. అక్కడే ఆగిపోయేదాన్ని.