వోల్వరిన్ చార

ఇవాలు బతికున్నన్నాళ్లూ మంచుసీమలోని ఆ ఊళ్లో ఎవరి చలికోటు టోపీ అంచు చూసినా ఆమె చేతి కుట్టే. వోల్వరిన్ బొచ్చుతో వేసిన అంచు మీద ఊపిరి తగిలి మంచు పేరుకున్నా, చేత్తో దులిపితే రాలిపోతుంది. ఊరందరికీ అలాంటివి కుట్టిన ఇవాలు మాత్రం నక్క బొచ్చుతోనే చలికాలాలు నెట్టుకొచ్చింది. కొండల మీద ఒంటరిగా తిరిగే వోల్వరిన్ జంతువు ఎప్పుడో గాని చిక్కదు. చిక్కినప్పుడల్లా తోలు తోడికోడలు నౌయాక్ ఇంటికే చేరేది. నౌయాక్ మగడు పేరున్న వేటగాడు. ఇవాలు మగడు చేపలు పట్టేవాడు.

ఒక ఏడు, రాళ్లకింద దాచిన కారిబూ జింక మాంసాన్ని తవ్వి తింటున్న వోల్వరిన్‌ను ఇవాలు కొడుకు సువ్లు కొట్టాడు. ఇవాలు ఆ తోలు ఒళ్లో పరుచుకుని, పక్క పొడుగునా మెరుస్తున్న పసుపు చారను నిమిరింది; తోలు మొత్తంలో అంచుకు మేలైన ముక్క అదే.

"అమ్మా, నా మొదటి వోల్వరిన్ ఇది. పెద్దమ్మకే ఇవ్వాలి," అన్నాడు సువ్లు.

మొదటి వేట ఊళ్లోకెల్లా పెద్దావిడకు ఇవ్వడం ఆనవాయితీ, ఆ పెద్దావిడ నౌయాకే. ఆ సంగతి ఇవాలుకు తెలియక కాదు.

నౌయాక్ తోలు తీసుకుని మళ్లీ ఇవాలు చేతికే ఇచ్చింది. "నువ్వే కుట్టిపెట్టవే. నా కళ్లకు సూది ఆనడం లేదు."

"నీకెందుకు ఆనాలిలే అక్కా, మేం లేమూ?"

ఇంటికొచ్చి ఇవాలు చారను కోసి దాచేసింది. పొట్ట తోలుతో నౌయాక్ కోటు టోపీకి అంచు వేసి ఇచ్చింది.

టీ తాగుతున్న ఆడవాళ్ల మధ్య నౌయాక్ కోటు తొడుక్కుంది. అంచు తడిమి, "చార ఏదే?" అంది.

"తూటా అక్కడే తగిలింది. పాడైపోయింది."

"అయితే అయ్య పోలికే. చేపలకే పనికొస్తుంది వీడి గురి," అని ఒకామె నవ్వింది.

చెవి వెనక ఒకే దెబ్బకు పడగొట్టిన సువ్లు గుమ్మం దగ్గరే నిలబడి తల వంచుకున్నాడు. తల్లి మాట కాదనలేదు.

ఇవాలు లేచి వెళ్లింది. తిరిగొచ్చి చారను నౌయాక్ ఒళ్లో పెట్టింది. నౌయాక్ ఆ కొస నుంచి ఈ కొస దాకా వేళ్లతో తడిమింది.

"చిల్లన్నదే లేదు. పిల్లాడు తలకే కొట్టాడు," అంది అందరికీ వినపడేలా. తర్వాత ఇవాలు వైపు తిరిగి, "సూది తెచ్చుకున్నావా?" అంది.

ఇవాలు అక్కడే కూర్చుని పొట్ట తోలు అంచు ఊడదీసి చార కుట్టింది. కుట్టుకుట్టుకీ కడుపు మండుతూనే ఉంది. కుట్టు మాత్రం ఎక్కడా వంకర పోలేదు.