అమ్మ ఎర్రరాళ్ళ దుద్దులు... సరళ ఆంటీ పడ్డ మాట

మా చిన్నప్పుడు... తార్నాకలో తడి తువ్వాలు మొహానికి కప్పుకుని కూర్చున్న రోజులు చాలానే ఉన్నాయి. పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్‌లో తెలంగాణ ఊరేగింపు మొదలైతే చాలు, కాసేపటికి టియర్ గ్యాస్ పొగ మా వీధి దాకా వచ్చేది.

అలాంటి ఓ పొద్దున అమ్మ తన ఎర్రరాళ్ళ దుద్దుల్ని గిన్నెలో కుంకుడుకాయ రసం పోసి నానబెట్టింది. మర్నాడు కాచిగూడలో పెదనాన్నగారి అమ్మాయి నిశ్చితార్థం. అమ్మమ్మ ఇచ్చిన దుద్దులవి... పాతకాలం పని. రాయి వెనక బంగారు మూత, లోపల రాయి మెరవడానికి పల్చటి రేకు. అవి కెంపులని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ఇంతలో పొగ కమ్మేసింది. నాన్న మమ్మల్ని ఉన్నపళంగా కాచిగూడ పంపేశారు. దుద్దులు గిన్నెలోనే ఉండిపోయాయి!

మర్నాడు అమ్మ పక్కవాటా సరళ ఆంటీకి ఫోన్ చేసింది. మేం కాకినాడ నుంచి వచ్చినవాళ్ళం, ఆంటీ పుట్టిల్లు ఇక్కడే, వారాసిగూడ. మా ఇంటి రెండో తాళంచెవి ఎప్పుడూ ఆవిడ దగ్గరే ఉండేది. "ఫికర్ చెయ్యకు అక్కా, తీసి మంచిగ తుడిచి మా బీర్వాల పెడ్త" అంది.

బంద్‌లు తగ్గాక ఇల్లు చేరాం. ఆంటీ దుద్దులు తెచ్చిచ్చింది. రాళ్ళు మసిబారినట్టున్నాయి. మా బాబాయి వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రాళ్ళు మార్చేశారు వదినా. గొడవలు జరుగుతున్న ఈ రోజుల్లో వాళ్ళ చేతికి మన బంగారం ఇస్తారా ఎవరైనా?"

ఆంటీ ఇంకా గుమ్మంలోనే ఉంది. అమ్మ దుద్దులు అందుకుని తనూ వెలుతురుకి పట్టి చూసింది. నాకు ఒళ్ళు మండిపోయింది... కానీ ఆ వయసులో పెద్దవాళ్ళ మధ్య నోరెత్తితే వీపు విమానం మోతే!

బాబాయి నగల షాపుకి పట్టుకెళ్ళాడు. "ఇవి కెంపులు కావండీ" అన్నారట. ఇంకేం... అంబర్‌పేట్ నుంచి కాకినాడ దాకా చుట్టాలందరికీ ఫోన్లు! ఆంటీ దొంగ అయిపోయింది.

నాన్నకి మనసొప్పలేదు. ఆయనది క్యాంపస్‌లోనే ఉద్యోగం. అక్కడ రాళ్ళ గురించి పాఠాలు చెప్పే మేడమ్‌కి చూపించారు. ఆవిడ భూతద్దంలో చూసి నవ్వారు.

"ఇవి స్పినెల్స్. గాజు కాదు, నకిలీ కాదు... భూమిలో పుట్టిన రాయే. చూడ్డానికి కెంపులాగే ఉంటుంది. పాతకాలంలో చాలామంది కెంపనుకునే కొన్నారు. అయినా రాయికేం కాలేదండీ... మూత సందులోంచి నీళ్ళు దిగి వెనక రేకు పాడైంది. మూత లేని నగైతే గోరువెచ్చటి సబ్బునీళ్ళలో మెత్తటి బ్రష్‌తో కడగొచ్చు. ఇలాంటివి నానబెట్టకూడదు, తడిగుడ్డతో తుడవాలంతే."

తర్వాత కంసాలి నాన్న ఎదురుగానే మూత విప్పాడు. లోపల పాత లక్క, నల్లబడ్డ రేకు... "దీన్ని ఇంతకుముందు ఎవ్వరూ విప్పలేదు సార్" అన్నాడు.

నానబెట్టింది మేము. మాట పడ్డది ఆంటీ!

బాబాయి ఏమన్నాడో తెలుసా? "సరేలే, ఏదో అన్నాను." ఏదో అట! దొంగ అని చెప్పడానికి ఊరంతా ఫోన్లు చేసినవాడు, కాదని చెప్పడానికి ఒక్క ఫోన్ చెయ్యలేదు. ఇప్పటికీ తలుచుకుంటే నా రక్తం ఉడుకుతుంది.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆంటీ ఇంటికెళ్ళింది. ఆంటీ చాయ్ ఇచ్చింది.

"మీ మరిది అన్నడని నాకు బాధ లేదక్కా. ఆయనకు నేనేం ఎరుక? నువ్వు జెప్పు... నువ్వు గూడ గట్లనే అనుకున్నవా?"

అమ్మ చాయ్ కప్పు వైపే చూస్తూ కూర్చుంది.

ఆ ఎండాకాలమే వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. ఎక్కడికెళ్ళారో మాకు చెప్పలేదు.

ఇప్పుడు రాయి కొంటే సర్టిఫికెట్ ఇస్తున్నారు... పక్కింటివాళ్ళకి తాళంచెవి ఇచ్చి ఊరెళ్ళేవాళ్ళు మాత్రం కనబడటం లేదు. మీ ఇళ్ళల్లో ఇలా ఊరికే మాటపడి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... దాచకండి.

మొన్న అమ్మని అడిగేశాను, "నిజం చెప్పు, నువ్వూ అలాగే అనుకున్నావా?" అని.

"ఇప్పుడవన్నీ ఎందుకే" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.